పెద్ద కోడి కంట్లోంచి పెళ్ళిచూపులు

ఫోను దారి చెబుతుంటే వినడం మా బాబాయికి ఇంకా అవమానంగా ఉన్న కాలం అది. అప్పటికే ఫోన్లకి అన్ని దారులూ తెలుసు. సిడ్నీలో ఏ మలుపు దగ్గర ఎన్ని కార్లు ఆగిపోయి ఉన్నాయో కూడా చెప్పేసేవి. కానీ మా బాబాయి కారెక్కగానే ఫోను నోరు నొక్కేసి ముందు సీటు అరలో పడుకోబెట్టి, ఈ దేశంలో తనకి తెలియని రోడ్డు లేదనేవాడు. అది నిజమే. అయితే ఆయనకి తెలిసిన రోడ్లన్నీ ఆయన వచ్చిన కొత్తలో ఉన్న రోడ్లు. వాటిలో సగం పక్కన ఇప్పుడు గొర్రెలు తప్ప ఎవరూ లేరు. కొత్త హైవే వచ్చి ఊళ్ళని పక్కకి నెట్టేసిన సంగతి ఆయన పేపర్లో చదివాడు గానీ ఒప్పుకోలేదు. హైవే మీద పోయేవాడు లారీలో సరుకులాంటివాడనీ, పాత రోడ్డు మీద పోయేవాడే ప్రయాణికుడనీ ఆయన సిద్ధాంతం. (వినేవాళ్ళందరం వెనక సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుని ఉంటాం కాబట్టి ఆ సిద్ధాంతానికి ఎప్పుడూ ఎదురు లేకపోయింది.)

నేను అప్పుడు సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌లో బాబాయి వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. పొన్నూరు నుంచి చదువుకోవడానికి వచ్చి, చదువు అయిపోయి, ఈ దేశంలో ఉండిపోవడానికి పీఆర్ తెచ్చుకుని, రోజూ రైల్లో వెళ్ళి ఒక కంపెనీలో జీతాల సెక్షన్లో పనిచేస్తూ, శనాదివారాలు మాత్రం బాబాయి ప్రయాణాలకి బలైపోతూ ఉండేదాన్ని. ఈ దేశంలో ఒక వింత అలవాటుంది. నాలుగు కొట్లు, ఒక పబ్బు, ఒక పెట్రోలు బంకు తప్ప మరేమీ లేని ఊరు కూడా తను పండించేదేదో దాన్ని మేడంత ఎత్తున కాంక్రీటుతో కట్టించి రోడ్డు పక్కన నిలబెట్టుకుంటుంది. అరటిపండు, రొయ్య, గొర్రె, బంగాళాదుంప, ఏదైనా సరే. దాని పొట్టలో ఒక టీ దుకాణం, పక్కన మరుగుదొడ్లు. మనం మొక్కేవాటిని పెద్దవిగా కట్టుకుంటాం, వీళ్ళు తినేవాటిని కట్టుకుంటారు, అంతే తేడా అని బాబాయి వివరించేవాడు. ఆయన ఆల్బమ్‌లో మా కుటుంబం మొత్తం ఈ తినుబండారాల నీడనే పెరిగింది. బాబాయి కూతురు, అంటే మా చెల్లి, అరటిపండు కింద చంకలో పిల్ల, రొయ్య కింద పళ్ళూడిన పిల్ల, గొర్రె కింద మొహం తిప్పుకున్న పిల్ల. ఆ తర్వాతి ఫోటోల్లో అది లేదు. హైస్కూలుకి వచ్చాక కారు దిగడం మానేసింది.

అలాంటి రోజుల్లో క్యాన్‌బెర్రా నుంచి నాకొక సంబంధం వచ్చింది. అబ్బాయిది గవర్నమెంటు ఆఫీసులో కంప్యూటర్ ఉద్యోగం, ఆ ఊళ్ళోనే హారిసన్ అనే పేటలో సొంత ఇల్లు. వాళ్ళది హనుమకొండ. తండ్రి అక్కడే వ్యాపారం చూసుకుంటుంటే, తల్లి విజిటర్ వీసా మీద వచ్చి, ఆ వీసా అయిపోయేలోగా కొడుక్కి పిల్లని కుదిర్చి గానీ విమానం ఎక్కనని పట్టుబట్టారు. ఇక్కడి మన సంబంధాల గురించి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. మన ఊళ్ళలో ముందు గోత్రం అడుగుతారు, ఇక్కడ ముందు వీసా అడుగుతారు. స్టూడెంటు వీసా పిల్ల అంటే పెదవి విరుస్తారు, పీఆర్ అంటే కుర్చీ వేస్తారు, సిటిజన్ అంటే కాఫీలో పంచదార ఎంత వెయ్యమంటారని అడుగుతారు. నేను కుర్చీ వేసే స్థాయికి వచ్చానని మా వాళ్ళందరూ పొంగిపోయారు. జాతకాలు కూడా చూపించారు. అద్భుతంగా కలిశాయన్నారు.

అందరికీ బాగానే ఉంది, నాకు తప్ప. సరిగ్గా ఆ వారమే మా ఆఫీసువాళ్ళు దేశానికి ఆ కొసన ఉన్న డార్విన్‌లో కొత్త బ్రాంచి తెరుస్తున్నామని, అక్కడి సెక్షన్ నేను చూసుకుంటానో లేదో సోమవారానికల్లా చెప్పమని అడిగారు. నన్ను ఎవరైనా ఒక చోటికి రమ్మని పిలవడం అదే మొదటిసారి. అప్పటిదాకా నన్ను అందరూ పంపించినవాళ్ళే. ఇంట్లో ఆ మాట గాలికి వదిలినట్టు వదిలి చూశాను. పిన్ని చపాతీ పిండి కలుపుతూ, డార్విన్‌కి పీఆర్ రానివాళ్ళు పాయింట్ల కోసం వెళ్తారు గానీ వచ్చినవాళ్ళు ఎందుకు వెళ్తారని అడిగింది. అక్కడ మొసళ్ళుంటాయన్నాడు బాబాయి. పొన్నూరు నుంచి అమ్మ ఫోన్లో ఏడ్చింది. (మొసళ్ళ గురించి కాదు, అబ్బాయి ఫోటో పంపితే నేను బాగున్నాడనీ లేడనీ చెప్పనందుకు.) చివరికి శనివారం పెళ్ళిచూపులకి తలూపాను. ఆ రోజుల్లో తలూపడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

శనివారం పొద్దున్నే పిన్ని నాకు పట్టుచీర కట్టేసింది. దార్లో మార్చుకోవడానికి చోటుండదట. ముందురోజే పెండిల్ హిల్‌లో మనవాళ్ళ కొట్లకి వెళ్ళి స్వీట్లూ మల్లెపూలూ తెచ్చి పెట్టింది. ఆ పూలు ఏ దేశం నుంచో విమానంలో వచ్చినట్టున్నాయి, నాకన్నా ఎక్కువ అలసిపోయి ఉన్నాయి. హాట్‌బాక్సు నిండా పులిహోర. మధ్యాహ్నం మంచి ఘడియలున్నాయి, దాటిపోకుండా రమ్మని హారిసన్ వాళ్ళు మరీమరీ చెప్పారు. హైవే మీద తిన్నగా పోతే హాయిగా చేరిపోయేవాళ్ళం. సగం దారి దాటాక బాబాయి ఉన్నట్టుండి కారు హైవే దింపేశాడు. పిన్ని ఎక్కడికని అడిగేలోపే, వెలిసిపోయిన గోధుమరంగు బోర్డు ఒకటి పక్కనుంచి వెళ్ళిపోయింది. దాని మీద కోడి బొమ్మ లీలగా కనిపించింది. పిన్ని రెండు చేతులతో తల పట్టుకుంది.

ఆ కోడి సంగతి మాకు కంఠతా వచ్చు. బాబాయి పెళ్ళికాక ముందు, ఉద్యోగం లేక, ఒక రూమ్మేటు డొక్కు కారులో ఊరూరా తిరుగుతున్న రోజుల్లో చూసిన మొట్టమొదటి పెద్ద బొమ్మ అది. గుడ్లకి పేరుపడ్డ ఊరు కాబట్టి మూడంతస్తుల కోడిపెట్టని కట్టారు. పొట్టలో టీ దుకాణం, అక్కడినుంచి మెడలోకి మెట్లు, తలలో చిన్న గది. ఆ కంట్లోంచి చూస్తే ఎక్కడో క్యాన్‌బెర్రా పార్లమెంటు మీద ఎగిరే జెండా కూడా కనిపిస్తుందని బాబాయి మా ఇంటికి భోజనానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. ఇవాళ శుభకార్యానికి వెళ్తున్నాం, అమ్మాయికి ఆ కోడిని చూపించకుండా ఎలా అన్నాడు. శుభకార్యానికీ కోడికీ ఏమిటి సంబంధమని పిన్ని అడిగింది. బాబాయి ఆ ప్రశ్నని కిటికీలోంచి బయటికి పోనిచ్చాడు.

ఊరు ఉంది. పబ్బుకి చెక్కలు కొట్టేసి ఉన్నాయి, పెట్రోలు బంకులో గడ్డి మొలిచింది. ఊరు దాటాక మలుపు తిరగ్గానే కోడి కనిపించింది. తెల్లరంగు పెచ్చులూడి బొల్లి వచ్చినట్టుంది. ముక్కు సగం విరిగిపోయింది. తోక మీద ఎవరో కుర్రాళ్ళు ప్రేమించుకున్నవాళ్ళ పేర్లు రాశారు. చుట్టూ ఇనుపతీగల కంచె, లోపలికి రాకూడదని బోర్డు. బాబాయి కారు ఆపి అద్దం దించాడు. తర్వాత, రిపేరుకి ఇచ్చినట్టున్నారు అన్నాడు. ఆ కోడికి చివరిసారి రిపేరు జరిగినప్పుడు నేను పొన్నూరులో అక్షరాలు దిద్దుకుంటూ ఉండి ఉంటాను.

అక్కడితో వెనక్కి తిరగాల్సింది. కానీ కంచెలో ఒకచోట మనిషి పట్టేంత సందు ఉంది. బాబాయి కెమెరా పట్టుకుని, ఫోటో ఒక్కటి తీసుకుని వచ్చేస్తానని ఆ సందులోంచి దూరి, కోడి తోక కింద ఉన్న గుమ్మంలోంచి లోపలికి వెళ్ళిపోయాడు. (ఆ గుమ్మం సరిగ్గా కోడి గుడ్డు పెట్టే చోటే ఉంది. అది కట్టినవాడి చమత్కారమని బాబాయి ఎప్పుడూ మెచ్చుకునేవాడు.) ఎంతసేపటికీ బయటికి రాలేదు. పిన్ని కంచె దగ్గర నిలబడి పిలిచింది. గాలి హోరు తప్ప జవాబు లేదు. పిన్ని ఆ సందులో పట్టదు. చెల్లి కారులోంచి తల ఎత్తకుండా, "ఐ యామ్ నాట్ గోయింగ్ ఇన్‌టు అ చూక్స్ బమ్, అక్కా" అంది. చూక్ అంటే ఇక్కడివాళ్ళ మాటలో కోడి. మిగతాది వివరించక్కర్లేదు. ఇక మిగిలింది నేను. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఫోనూ చెప్పులూ కారులోనే వదిలి, పెళ్ళిచూపులకి బయల్దేరిన పిల్లని కాస్తా కోడి పొట్టలోకి నడిచాను.

లోపల చీకటిగా, పావురాల కంపుగా ఉంది. టీ దుకాణం బల్ల ఒకటి ఇంకా అక్కడే ఉంది. ఇనుప మెట్లు గుండ్రంగా తిరుగుతూ మెడలోకి వెళ్తున్నాయి. పైనుంచి బాబాయి గొంతు బలహీనంగా వినిపించింది. పైకి రావద్దంటున్నాడా, రమ్మంటున్నాడా తెలియలేదు. ఎక్కాను. మెడ సగందాకా వచ్చేసరికి నా వెనకాల ఏదో పెద్దగా మూలిగింది. తిరిగి చూస్తే నేను అప్పుడే దాటొచ్చిన మెట్ల వరస మెల్లగా గోడనుంచి విడివడి, వంగి, కింద టీ బల్ల మీద పడి కూర్చుంది. నేను మిగతా మెట్లు పాక్కుంటూ తలలోకి చేరాను. బాబాయి ఒక మూల కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. తను ఎక్కినప్పుడే మెట్లు ఊగాయట. దిగడానికి భయమేసి, అరవడానికి సిగ్గేసి అలాగే ఉండిపోయాడట. "నిన్ను రావద్దనే అన్నాను అమ్మాయ్," అన్నాడు. ఆ మాట కొంచెం గట్టిగా అని ఉంటే బాగుండేది.

కోడి తల లోపల పెద్ద గుండ్రటి నీళ్ళ ట్యాంకులా ఉంది. అటో కన్ను, ఇటో కన్ను. అద్దాలు ఎప్పుడో పోయాయి, తల పట్టేంత రంధ్రాలు మిగిలాయి. ఎడమ కంట్లోంచి రోడ్డు, కారు, నడుం మీద చేతులు పెట్టుకున్న పిన్ని కనిపిస్తున్నారు. కుడి కంట్లోంచి ఎండిన గడ్డి, గొర్రెలు, ఒక నీళ్ళ తొట్టి. నేను చాలాసేపు వెతికాను.

"జెండా ఏది బాబాయ్?" అన్నాను.

బాబాయి ప్యాంటుకి అంటిన పావురాల రెట్ట గీక్కుంటూ కూర్చున్నాడు. "అప్పుడూ కనిపించలా," అన్నాడు చివరికి. "ఇక్కణ్ణుంచి ఎట్లా కనిపిస్తుందే. అప్పుడు ఉద్యోగం లేదు, చేతిలో ఏమీ లేదు. ఇంటికి ఫోన్ చేస్తే మీ నాన్న, ఏం చూశావురా అక్కడ అని అడిగాడు. చెప్పుకోడానికి ఏదో ఒకటి ఉండాలిగా." ఆ ఏదో ఒకటి అప్పటినుంచీ అలాగే ఉండిపోయింది. దేశం మొత్తం తనకి తెలుసని చెప్పే మనిషి నోట ఆ మాట విన్నాక నాకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. ఇంత ఎత్తున మేమిద్దరమే ఉన్నాం కాబట్టి నేనూ నిజం చెప్పేశాను. డార్విన్ వెళ్ళాలని ఉందన్నాను. ఈ అబ్బాయి మీద నాకేమీ లేదు, కానీ ఇప్పుడు పెళ్ళి వద్దన్నాను. బాబాయి గొర్రెల వైపు చూస్తూ, మొసళ్ళ సంగతి ఆలోచించావా అన్నాడు. ఆలోచించానన్నాను. ఊఁ అన్నాడు. అంతటితో ఆ సంభాషణ అయిపోయింది. మా ఇంట్లో పెద్ద విషయాలు ఎప్పుడూ ఊఁ దగ్గరే ఆగిపోతాయి.

కింద పిన్ని చెయ్యాల్సిన పని చేసింది, కాకపోతే వరస మార్చి చేసింది. ప్రాణాపాయంలో ఉన్న మొగుడి కోసం ఫైర్‌వాళ్ళకి ఫోన్ చెయ్యకుండా, ముందు హారిసన్ వాళ్ళకి చేసి ఆలస్యమవుతుందని చెప్పింది. (మన ఆడవాళ్ళకి ప్రాణంకన్నా వియ్యంకుల మర్యాద ముఖ్యం, మగవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు.) సిగ్నలు సరిగ్గా లేక అవతలావిడకి, దార్లో కోడి దగ్గర ఆగిపోయాం అన్నంతవరకే వినిపించింది. ఆవిడ శనివారం నీచు ముట్టరు. పెళ్ళిచూపులకి వస్తూ శనివారంపూట దార్లో ఆగి కోడి తింటున్నారా అని ఆవిడ, తినడం లేదు వదినగారూ, అమ్మాయి కోడి లోపలుంది అని పిన్ని. ఇది ఇలా ఎంతదాకా పోయేదో గానీ, చెల్లి ఆ ఫోను లాక్కుని అబ్బాయితో ఇంగ్లీషులో విషయం చెప్పి, ఆ వెంటనే ఫైర్‌వాళ్ళకి కూడా చేసింది. ఎవరికైనా దెబ్బలు తగిలాయా అని వాళ్ళు అడిగితే, లేదు, పరువు ఒక్కటే పోయింది అని చెప్పిందట. దాంతో వాళ్ళు పక్క ఊళ్ళో గడ్డి తగలబడుతుంటే అది ఆర్పేసి నింపాదిగా వస్తామన్నారు. ఈ దేశంలో ఫైర్‌వాళ్ళు కూడా తొందరపడరు.

వాళ్ళకన్నా ముందు హారిసన్ కారు వచ్చింది. నెత్తిమీద నిచ్చెన కట్టుకుని వచ్చింది. అబ్బాయి దిగి నిచ్చెన విప్పి కోడికి ఆనించి చూస్తే అది రెక్కదాకా కూడా రాలేదు. మళ్ళీ విప్పిన చోటే కట్టేశాడు. మనిషి పొడుగ్గా, నెమ్మదిగా ఉన్నాడు. పైకి చూసి నమస్కారం పెట్టాలా చెయ్యి ఊపాలా తేల్చుకోలేక మధ్యలో ఏదో చేశాడు. వెనకాల ఆవిడ దిగారు. నెమలికంఠం రంగు పట్టుచీర, చేతిలో పళ్ళెం, పళ్ళెంలో పళ్ళు, పసుపు, కుంకుమ. ఆవిడ కోడిని కిందినుంచి పైదాకా చూశారు, కంట్లో నన్ను చూశారు, వాచీ చూసుకున్నారు.

"టైం దాటిపోతున్నది వదినా," అన్నారు పిన్నితో. "మల్ల మంచి గడియ వచ్చే నెలదాకా లేదంట. గప్పటికి నా వీసా అయిపోతది. ఇగ గీడనే కానిద్దాం."

పిన్ని డిక్కీలోంచి దుప్పటి తీసి కంచె పక్కన గడ్డిలో పరిచింది. అలా నా పెళ్ళిచూపులు మొదలయ్యాయి. మన సంప్రదాయంలో పిల్ల తల వంచుకుని కూర్చోవాలి. ఆ నియమం నేను పాటించినట్టుగా ఇంకెవరూ పాటించి ఉండరు, కిందికి చూడాలంటే తల వంచడం తప్ప వేరే దారి లేదు. బాబాయి పెద్దమనిషిగా మాట్లాడాలి కదా అని రెండో కంటి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. కోడి కళ్ళు తలకి చెరోపక్కా ఉంటాయన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆయన కట్నకానుకలకి మేం వ్యతిరేకమనీ, మా అన్నయ్య చాలా పద్ధతిగల మనిషనీ గంభీరంగా ప్రకటిస్తుంటే ఇవతల ఎవరికీ వినపడటం లేదు. అబ్బాయే మర్యాదస్థుడు కాబట్టి కోడిని చుట్టి అవతలికి వెళ్ళి నిలబడి, అవునంకుల్, అవునంకుల్ అని వస్తూ ఉన్నాడు.

ఆవిడ నన్ను వంట వచ్చా అని అడిగారు. వచ్చని అరిచాను. పూజలు చేస్తావా అని అడిగారు. అప్పుడప్పుడూ అని అరిచాను. చీర రంగు బాగుందన్నారు. థాంక్స్ అని అరిచాను. గాలి అటునుంచి ఇటు వీస్తోంది, ఆవిడ మాటలు నాకు శుభ్రంగా వస్తున్నాయి, నావే ఆవిడకి చేరడం లేదు. తర్వాత ఆవిడ అసలు ప్రశ్న అడిగారు. పెళ్ళయ్యాక సిడ్నీ ఉద్యోగం మానేసి క్యాన్‌బెర్రాకి వచ్చేస్తావు కదా బిడ్డా అన్నారు. పిన్ని నా తరఫున తలూపడం పైనుంచి కనిపించింది. నేనూ ఊపబోయాను. నిజంగానే ఊపబోయాను. కానీ నా తల కోడి కంటి రంధ్రంలో ఉంది, అటూ ఇటూ ఊపితే చెవులు గీరుకుంటున్నాయి. దాంతో నోరు తెరవాల్సి వచ్చింది. నాకు డార్విన్‌లో ఉద్యోగం వచ్చిందండీ, వెళ్దామనుకుంటున్నాను అన్నాను, మా ఇంట్లో ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే.

"ఏందీ?" అన్నారావిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. తర్వాత పిన్ని వైపు తిరిగి, "డార్లింగ్ అంటున్నదేంది వదినా పిల్ల?" అన్నారు.

అది కాదండీ అని మళ్ళీ చెప్పాను. మళ్ళీ వినిపించలేదు. "జర గట్టిగ చెప్పు బిడ్డా, సిగ్గుపడకు," అన్నారావిడ. ఆ ప్రోత్సాహానికి నేను ఇప్పటికీ ఆవిడకి రుణపడి ఉన్నాను. మెల్లగా చెప్పి, నసిగి, మధ్యలో మింగేసి, చివరికి అందరూ చెప్పినదానికే సరే అనేయాల్సిన మాట అది. గాలి వల్ల ఆ సౌకర్యం నాకు లేకుండా పోయింది. ఊపిరంతా కూడదీసుకున్నాను.

"డార్విన్ వెళ్తున్నాను ఆంటీ. ఉద్యోగానికి. ఒక్కదాన్నే. నాకు ఇప్పుడు పెళ్ళి వద్దు."

ఆ మాట కోడి తలలో తిరిగి, మెడలో తిరిగి, పొట్టలో తిరిగి, తోక కింద గుమ్మంలోంచి కూడా బయటికి వచ్చింది. అవతలివైపు గొర్రెలు మేత ఆపి తలెత్తాయట. పిన్ని చేతిలో పులిహోర గరిటె గాల్లోనే ఉండిపోయింది. అబ్బాయి కోడి వెనకనుంచి వస్తూ వస్తూ ఆగిపోయాడు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు అవతలి కంట్లోంచి బాబాయి గొంతు వినపడింది. ఈసారి ఎంత గట్టిగా అరిచాడంటే ఇవతలివాళ్ళకి కూడా వినిపించింది.

"నేనే పంపిస్తున్నా. మా అన్నయ్యకి నేను చెప్పుకుంటా."

ఆయన పంపించడమేమిటో నాకు అర్థం కాలేదు. అప్పుడే నిర్ణయం కూడా తన ఖాతాలో వేసేసుకున్నాడు. అయినా ఆ మాట విన్నాక తల లోపలికి లాక్కోలేదు.

ఆవిడ చాలాసేపు పైకే చూశారు. కోప్పడతారనుకున్నాను. పళ్ళెం దుప్పటి మీద పెట్టి, తనూ కూర్చుని, "గా ముక్క ముందే చెప్పొద్దా బిడ్డా," అన్నారు. "పొద్దుగాల లేచి ఈ చీర ఇస్త్రీ చేసుకుంటి." పిన్నికి ఏం చెయ్యాలో తోచక పులిహోర వడ్డించింది. ఆవిడ తిని, ఇంగువ ఎక్కడ కొంటారని అడిగారు. పెండిల్ హిల్‌లో అని పిన్ని చెప్పింది. అక్కడినుంచి ఆ ఇద్దరి మాటలు ఇంగువ మీదా, వీసాల మీదా, మాట వినని పిల్లల మీదా సాగాయి. మేం పైన ఉన్నామన్న విషయం వాళ్ళకి గుర్తున్నట్టు లేదు.

పొద్దు వాలుతుండగా ఫైర్‌వాళ్ళు వచ్చారు. వాళ్ళ నాయకురాలు మా పిన్ని వయసావిడ. టోపీ వెనక్కి తోసుకుని పైకి చూసి, "యూ రైట్ అప్ దేర్, లవ్?" అంది. ఈ దేశంలో చెయ్యి తెగినా, ఇల్లు తగలబడినా అడిగేది, బాగానే ఉన్నావా అనే ఆ ఒక్క ప్రశ్నే. వచ్చిన కొత్తలో, నేను చెప్పింది ఒప్పా తప్పా అని అడుగుతున్నారేమో అనుకునేదాన్ని. ఆ రోజు కూడా అలాగే అనుకుని, అవును, రైటే అన్నాను. వాళ్ళ పొడుగాటి నిచ్చెన కోడి కంటికి ఆనించి, రంధ్రం పక్కన పెచ్చులు కొట్టి పెద్దది చేసి, నాకు నడుముకి తాడు కట్టి దింపారు. చీర అంచు చిరిగింది. బాబాయి నా తర్వాత దిగి, నేల మీద కాలు పెట్టగానే వాళ్ళకి ఆ కోడి చరిత్ర చెప్పబోయాడు. ఆ నాయకురాలు ఆయన్ని బోర్డు దగ్గరికి తీసుకెళ్ళి, లోపలికి రాకూడదన్న అక్షరాలు ఒక్కొక్కటీ వేలితో చూపిస్తూ చదివించింది. మా చెల్లి దాన్ని వీడియో తీసింది. చాలా ఏళ్ళ తర్వాత అది తన ఇష్టంతో కారు దిగడం అదే మొదటిసారి.

బయల్దేరే ముందు అబ్బాయి నా చెప్పులు కారులోంచి తెచ్చిచ్చాడు. డార్విన్‌లో ఎండలు బాగా ఉంటాయంట కదా అన్నాడు. ఉంటాయంట అన్నాను. కాసేపాగి, "మా అమ్మ ముంగట అట్ల చెప్పుడు నాతోని ఎన్నడు కాలే," అన్నాడు నవ్వుతూ. నాతోనూ కాలేదు, కోడి వల్ల అయింది అని చెప్పాలనుకున్నాను. చెప్పేలోపు వాళ్ళమ్మగారు హారను కొట్టారు.

తర్వాత రెండు మెసేజీలు వచ్చాయి. ఒకటి వాళ్ళమ్మగారి నుంచి పిన్నికి, జాతకాలు మళ్ళీ చూపిస్తే కలవలేదు, ఏమీ అనుకోవద్దని. రెండోది అబ్బాయి నుంచి నాకు, జాతకాలు మంచిగనే ఉండె అని. దాన్ని చాలాసార్లు చదివాను. అతను తర్వాత మెల్‌బోర్న్ అమ్మాయిని చేసుకున్నాడు. వాళ్ళ గృహప్రవేశానికి పిన్ని వెళ్ళి మూడు రోజులుండి వచ్చింది. సంబంధం కుదరకపోయినా వియ్యంకురాళ్ళు మాత్రం కుదిరిపోయారు. నేను డార్విన్ వెళ్ళాను. మా నాన్న ఏడాదిపాటు బాబాయితో మాట్లాడలేదు, బాబాయి ఆ ఏడాదంతా నాకు ఆ సంగతి చెప్పలేదు. అక్కడ ఎండకి ఏడ్చాను, వానకి ఏడ్చాను, ఒంటరిగా ఉన్నందుకు కొన్నాళ్ళు ఏడ్చాను. మొసలిని మాత్రం ఒక్కసారి చూశాను, అదీ టికెట్టు కొని. తర్వాత సిడ్నీకే తిరిగొచ్చి, ఇప్పుడు ఒక పెద్ద ఆఫీసులో కూర్చుని ఎంతోమందికి జీతాలు పంచే పని చూస్తున్నాను. నేను ఏదైనా అంటే ఎవరో ఒకరు రాసుకుంటారు.

మొన్న పిన్ని ఒక ఫోటో పంపింది. హనుమకొండ నుంచి ఆవిడ తన పాత ఫోను ఖాళీ చేస్తుంటే దొరికిందట. ఆ రోజు ఆవిడ కిందినుంచి ఎప్పుడో నొక్కారు, మాకెవరికీ తెలియదు. నా జ్ఞాపకంలో నేను ఆ మాటని గొప్ప హుందాగా, చరిత్రలో నిలిచిపోయేలా చెప్పాను. ఫోటోలో అలా లేదు. పెచ్చులూడిన కోడి కంట్లో ఒక పిల్ల తల ఇరుక్కుని ఉంది. జుట్టులో పావురం ఈక, వాడిన మల్లెపూలు ఒక చెవి మీదికి జారిపోయి ఉన్నాయి, కళ్ళు గట్టిగా మూసుకుని, దంతాలన్నీ కనిపించేలా నోరు తెరిచి, కదిలిపోయిన బస్సుని ఆపమని అరుస్తున్నట్టు అరుస్తోంది. మా ఆఫీసు పిల్లలకి చూపిద్దామా అనుకుని మళ్ళీ ఫోను మూసేశాను. ఇప్పుడు నేను ఏది చెప్పాలన్నా తల కాస్త పక్కకి వంచి, గొంతు తగ్గించి, ముందు మీరందరూ చెప్పండి అంటాను. అంతా నన్ను చాలా నెమ్మదస్తురాలంటారు. ఆ పిల్లని మాత్రం అప్పుడప్పుడూ తీసి చూసుకుంటున్నాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, గొంతు చాలా పెద్దదే.